మాకంటే ముందు వెళ్లినవాళ్లు

ఐరాల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక నేనూ నా భార్యా చిత్తూరులో చిన్న ఇల్లు కట్టుకున్నాం. తొంభైల చివరి మాట. అప్పటిదాకా ఆమె నాతో చేసిన ప్రయాణాలన్నీ పెళ్లిళ్లకో, చావులకో, గుళ్లకో. రిటైరైన నెలలోనే ఒకరోజు చేటలో బియ్యం చెరుగుతూ అంది.

"దేవుళ్లను సూసింది సాలు. కొండలూ అడవులూ సూడాలని ఉండాది నాకు. ఊరికే పొయ్యి కూసోని వద్దాం. మొక్కు లేకుండా."

మొక్కు లేని ప్రయాణం అన్న మాట నాకు నచ్చింది. రెండు నెలలకోసారి ఎక్కడికో ఒకచోటికి బస్సెక్కడం అట్లా మొదలైంది. చిత్రాన్నం, పెరుగన్నం, మంచినీళ్ల సీసా, ఒక దుప్పటి. అంతే మా సామాను.

మొదట హార్సిలీ కొండకు వెళ్లాం. బస్సు దిగేసరికి పట్టపగలే మబ్బు కొండను కప్పేసి, నాలుగడుగుల అవతల చెట్టు కూడా నీడలాగే కనిపిస్తోంది. గెస్టుహౌసు వాచ్‌మన్ మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మళ్లా వచ్చినారా సార్. ఆ మూల రూమే తీస్తా ఉండండి. కిటికీ గడియ బాగుచేయించినా, పోయినసారి మీరు సెప్పినారు గదా."

మేం ఆ కొండ ఎక్కడం అదే మొదటిసారి. ఆ మాటే చెప్పాను. అతను నవ్వి, పెద్దవాళ్లు మరిచిపోతుంటారులే అన్నట్టు తలూపి తాళాలగుత్తి తీసుకున్నాడు. గదిలోకి వెళ్లాక నా భార్య కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. గడియ కొత్తది. చుట్టూ చెక్క ఇంకా పచ్చిగా, తెల్లగా ఉంది.

"ఎవరో మనట్లాటోళ్లు వచ్చింటారు," అన్నాను.

"వచ్చింటారు," అంది ఆమె. ఆ రెండు రోజులూ ఆ కిటికీ మాత్రం తెరవలేదు.

తర్వాత పలమనేరు దాటి కైగల్ జలపాతానికి వెళ్లాం. దారిలో ఒకామె బండరాయి పక్కన పొయ్యి పెట్టుకొని టీ కాస్తోంది. నా భార్యకు గ్లాసు అందిస్తూ ముఖంలోకి చూసి, "దగ్గు తగ్గిందా అక్కా?" అంది.

నా భార్యకు దగ్గు లేదు. అయినా ఆ ప్రశ్న అడిగిన తీరులో ఎంత ఆప్యాయత ఉందంటే, కాదనలేక "తగ్గింది" అనేసింది. అవతలికి వచ్చాక నేను కోప్పడ్డాను. లేని రోగం ఒప్పుకోవడం దేనికన్నాను. ఆమె చాలాసేపు నీళ్లు పడుతున్న చోటే చూస్తూ, "ఎవరో పాపం, ఆమెకు దగ్గు ఉన్నింది," అంది. నీళ్ల హోరులో అట్లా అన్నట్టే వినిపించింది. మళ్లీ చెప్పమని అడగలేదు.

తలకోన వెళ్లినప్పుడు జరిగినదాన్ని పొరపాటు అని కొట్టిపారేయడం కష్టమైంది. అడవి గేటు దగ్గర టిఫిను అంగడాయన మమ్మల్ని చూసి లోపలికి పరిగెత్తినట్టే వెళ్లి ఒక గుడ్డసంచి తెచ్చాడు.

"నాలుగు నెలలుగా దాసిపెట్టినా సార్. మీరెప్పుడో వస్తారని తెలుసు."

మాది కాదంటే వినడు. పక్కనున్న వాళ్ల అమ్మను పిలిచి చూపించాడు. ఆమె కూడా మమ్మల్ని ఎగాదిగా చూసి, "వీళ్లేరా, ఆ బెంచీ మీదే కూసున్నారు," అంది. తీసుకోక తప్పలేదు.

జలపాతం దారిలో ఒక బండమీద కూర్చొని సంచి విప్పాం. గోధుమరంగు శాలువా, కర్పూరం వాసన, లోపల ఆడవాళ్ల కళ్లజోడు. నా భార్య దాన్ని పైట కొంగుతో తుడిచి పెట్టుకుంది. సంచిలో పొట్లం కట్టి ఉన్న పాత పేపరు ముక్కను ఎత్తి, చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేసింది.

"నా పవరే," అంది.

తీసెయ్యమన్నాను. తీయలేదు. ఆమె పాత కళ్లజోడు కాడ విరిగి అప్పటికి వారమైంది. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆమె ఆ కళ్లజోడే వాడింది. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది మరొకటి. ఎక్కడికైనా బయల్దేరాలనుకున్నప్పుడు "వాళ్లు ఆడికి పొయ్యింటారా?" అని అడగడం మొదలుపెట్టింది.

మరుసటి ఏడు చలికాలంలో పులికాట్‌కు పక్షులు వచ్చాయని విని, తిరుపతిలో బస్సు మారి తడ వెళ్లాం. ఉదయం తొమ్మిది దాటింది. ఒడ్డున పడవవాడు ఒకడే ఉన్నాడు. నన్ను చూసి చేయెత్తి దండం పెట్టాడు. నా వెనక వస్తున్న నా భార్యను చూసి చేయి దించేశాడు. గడకర్ర ఇసకలో పాతి నిలబడ్డాడు.

"రాను సామీ," అన్నాడు.

"ఏమప్పా, ఏమైంది?"

అతను ఆమె వైపు చూడకుండా నాకే చెప్పాడు. "పోయిన కార్తీకంలో మీరొక్కరే వచ్చినారు. అమ్మ పోయిందని సెప్పినారు. ఈ పడవలోనే కూసోని ఏడిసినారు. అంతకు ముందు ఇద్దరూ వచ్చినప్పుడూ నేనే తిప్పినా. ఇప్పుడు మళ్లా ఇద్దరూ వస్తే నేనేమనుకోవాల?"

నా భార్య చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి, అతని ముందుకు చేయి చాపింది.

"పట్టుకొని సూడు నాయనా. వేరే మనుషులం మేము."

అతను పట్టుకోలేదు. చాలాసేపు నీళ్లలో ఆమె కాళ్లను చూశాడు. చివరికి ఏమనుకున్నాడో, ఎక్కమన్నాడు. దారంతా మాకు వీపు పెట్టే నిలబడి గడ వేశాడు. నీళ్లు మోకాటిలోతే. కనుచూపు మేర బూడిదరంగు నీరు, అదే రంగు ఆకాశం, రెంటి మధ్య వేలకొద్దీ ఎర్రకాళ్ల కొంగలు. అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు. ఒకచోట అతను గడ ఆపాడు.

"ఈడనే. ఏందో మూట విప్పి నీళ్లలో కలిపినారు. పాకాల నుంచి వచ్చినానన్నారు."

నా భార్య పడవ అంచు మీది నుంచి వంగి నీళ్లలో చేయి పెట్టింది. తియ్యి అన్నాను. వినలేదు. ఎవరి తలో నిమురుతున్నట్టు ఆ నీటిని అటూ ఇటూ కదిలించి, చేయి తీసి తడి అట్లాగే ఆరనిచ్చింది.

పాకాల స్టేషను దగ్గర నా పాత శిష్యుడొకడు అంగడి పెట్టుకున్నాడు. అతనికి సంగతి చెప్పి విచారించమన్నాను. పదిహేను రోజులకు ఒక ఉదయం మా గేటు దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పాకాలలో రైల్వే పనిచేసి రిటైరైనాయన. నేను పొట్టి, చామనఛాయ. ఆయన పొడుగు, పచ్చటి మనిషి, బట్టతల. ఎంత వెతికినా ఆయనలో నా పోలిక ఎక్కడా లేదు.

కాఫీ తెచ్చిన నా భార్య కళ్లజోడు చూసి ఆయన గ్లాసు అందుకోవడం మరిచిపోయాడు. జేబులోంచి ఫోటో తీసి చూపించాడు. గుండ్రటి ముఖం, నుదుట పెద్ద బొట్టు. మా ఆమెది కోలముఖం. వాళ్లిద్దరికీ పోలికే లేదు.

"మరి అంతమంది ఎట్ల పొరపాటు పడినారండీ?" అని అడిగాను.

ఆయన కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టాక చెప్పాడు.

"మమ్మల్నీ అట్లే అడిగినారు సార్. ఏడకు పోయినా 'మళ్లా వచ్చినారా' అనేవాళ్లు. మేం ఏ ఊరికీ రెండుసార్లు పోయింది లేదు, ఆ పులికాట్ తప్ప. మా ఆమె నవ్వేది. 'మనకు ముందర ఎవరో పోతాండారు' అనేది. తలకోనలో దగ్గు మొదలైంది. ఆరు నెలలు కూడా బతకల్యా."

నా భార్య లోపలికి వెళ్లి శాలువా మడిచి తెచ్చింది. కళ్లజోడు తీయబోతే ఆయన వద్దన్నాడు. "అది నీ దగ్గరే ఉండనీమ్మా."

ఆయన లేచాడు. ఎండెక్కింది, బస్టాండు దారి తెలియదన్నాడు. నేను చొక్కా వేసుకునేలోపు "నేను సూపిస్తాలే" అని ఆమె చెప్పులు తొడుక్కుంది. గేటు దగ్గర నిలబడి చూశాను. ఇద్దరూ తొందర లేకుండా, ఒకరికొకరు అలవాటైన నడకతో వీధి చివరికి వెళుతున్నారు. ఎదురింటామె ముగ్గు వేస్తూ తలెత్తి, వాళ్లకు వినబడేలా పలకరించింది.

"ఈసారి యాడికి అయ్యవారూ, ఇద్దరూ బయల్దేరినారు?"

ఆయన వెనక్కి తిరిగి చేయి ఊపాడు. నా భార్య తిరగలేదు, కాదనలేదు. రెండేళ్లుగా రోజూ నా ముఖం చూస్తున్న ఆ ఎదురింటామె మళ్లీ ముగ్గుకు వంగింది. పది అడుగుల దూరంలో నేను నిలబడి ఉన్నా చూడలేదు. పిలుద్దామనుకున్నాను. గేటు చువ్వ పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

అరగంటకు ఆమె కొంగులో నాలుగు జామకాయలు కట్టుకొని వచ్చింది. నేనింకా గేటు దగ్గరే ఉన్నాను.

"ఆయన ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమన్లేదు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి నన్నే సూస్తా ఉన్నాడు," అంది. గేటు ఇనపచువ్వ మీద ఉన్న నా చేతిని పట్టుకొని, "సల్లగా ఉండాదే," అని రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దింది.