వానపాట రత్నంగారు

మొన్న మే నెలలో ఒక సాయంత్రం నూజివీడు శివారున మామిడికాయల షెడ్డు ముందు ఆటో కోసం నిలబడ్డాను. వరిగడ్డి వాసన, కోసిన కాయ తొడిమ దగ్గర కారే సొన ఘాటు, ఎక్కడో దూరాన తడిసిన మట్టి వాసన కలిసి వస్తున్నాయి. పడమర మబ్బు పట్టింది. లోడు ఎత్తుకుంటున్న లారీ క్యాబిన్లోంచి ఒక పాత సినిమా పాట మొదలైంది. ముందు ఫ్లూటు, తర్వాత కాస్త జీరతో, నవ్వు దాచుకున్నట్టుండే ఆడగొంతు. పల్లవి పూర్తికాకముందే షెడ్డు యజమాని లోపలి నుంచి కేకేశాడు, ఆ పాట ఆపమని, ఇంకా సగం కాయ చెట్టుమీదే ఉందని. డ్రైవరు పై ఊరివాడు కాబోలు, ఏమీ అర్థంకాక పాట మార్చేశాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళు చెమర్చాయి. ఆ గొంతు మా రత్నంగారిది.

ఆవిడ పేరు తెలియనివాళ్ళకు కూడా ఆ పాట తెలుసు. మా వైపు దాన్ని అసలు పల్లవితో ఎవరూ పిలవరు, వానపాట అంటారు. రత్నంగారు నూజివీడులోనే పుట్టారు. తండ్రి మిషన్ స్కూల్లో మేస్టారు. చర్చిలో కూతురి పాట విన్నవాళ్ళంతా మెచ్చుకుంటుంటే ధైర్యం చేసి మద్రాసు తీసుకెళ్ళారు. అక్కడ ఆవిడ కొన్నేళ్ళపాటు కోరస్‌లో, పదిమందిలో ఒక గొంతుగా నిలబడ్డారు. ఒకరోజు అసలు గాయని జ్వరంతో రాలేకపోతే, షూటింగుకు పనికొస్తుందని ఈవిడ చేత ట్రాకు పాడించారు. తర్వాత దాని మీద వేరే గొంతు వేయాల్సింది. కానీ దర్శకుడికి ఆ జీరే నచ్చి అలాగే ఉంచేశాడు. సినిమా ఆడలేదు. పాట మాత్రం కాఫీ హోటళ్ళలో, పెళ్ళి పందిళ్ళలో, బస్సుల్లో ఆగకుండా మోగింది. ఇక వరసగా అవకాశాలొస్తాయని అందరూ అనుకున్నారు. తర్వాత పాడిన ఒక సినిమా మధ్యలో ఆగిపోయింది. ఇంకోదాంట్లో పాట కత్తిరించేశారు. మరో పాటను పెద్ద గాయనితో మళ్ళీ పాడించుకున్నారు. తల్లి జబ్బుపడటంతో రత్నంగారు ఇంటికొచ్చేసి, తబలా వాయించే ప్రకాశంగారిని పెళ్ళి చేసుకుని, ఇద్దరూ కలిసి నూజివీడులో ఆర్కెస్ట్రా పెట్టారు.

నేను ఆ ఆర్కెస్ట్రాలో చేరేనాటికి ఆవిడ జుట్టు సగం నెరిసింది. మాది రెడ్డిగూడెం. నాన్న వేరేవాళ్ళ తోటకు కాపలా ఉండేవాడు. గుడ్‌ఫ్రైడే ఆరాధనలో నేను పాడిన పాట విని, రత్నంగారు మర్నాడే మా ఇంటికొచ్చారు. ఆడపిల్ల స్టేజీలెక్కి సినిమా పాటలు పాడటమేంటని నాన్న మొహమాటపడుతూనే అభ్యంతరం చెప్పాడు. ఆవిడ వాదించలేదు. మంచం మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "మీ అమ్మాయిని నేనే వచ్చి తీసుకెళ్తానండీ, నేనే తెచ్చి దింపుతాను. మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు ఒక్కమాట చెప్పండి, మానేద్దాం" అన్నారు. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నారు. మైలవరంలో కార్యక్రమమైనా, విస్సన్నపేటలో అయినా, మా గుమ్మం దాకా వచ్చి నన్ను అమ్మకు అప్పజెప్పాకే వెళ్ళేవారు.

నేర్పించడంలో మాత్రం జాలి ఉండేది కాదు. చన్నీళ్ళు తాగనిచ్చేవారు కాదు. ఒక్క సంగతి సరిగ్గా పలక్కపోతే మధ్యాహ్నమంతా అదే పాడించేవారు. బాగా పాడితే ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడమే మెప్పని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒక్కసారి నోరు తెరిచి బాగుందంటే ఆవిడ సొమ్మేం పోయేదని ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

వానపాట సంగతి చెప్పాలి. ఎక్కడికెళ్ళినా జనం అడిగేది అదే. కానీ మా ప్రాంతంలో పెళ్ళిళ్ళు జోరుగా సాగేది మామిడి కాయ మీదున్నప్పుడు. అప్పుడు గాలివాన వస్తే ఏడాది కష్టమంతా నేలపాలు. ఆ పాట పాడితే వాన వస్తుందని మావాళ్ళ నమ్మకం. అందుకని ఏప్రిల్, మే నెలల్లో తోటల రైతులు ఆ పాట పాడొద్దని ముందే చెప్పేవారు. ఒక్క పాటతో పేరొచ్చిన మనిషి, సొంత ఊళ్ళో, నిండు సీజన్లో ఆ పాట పాడటానికి లేదు. రత్నంగారు నవ్వేసి వేరే పాట ఎత్తుకునేవారు.

రెడ్డిగూడెంలో కోటయ్యగారని పెద్ద రైతు. ఆయన మనవరాలి పెళ్ళిలో, మధ్యాహ్నం భోజనాల వేళ మా కార్యక్రమం. పెళ్ళికూతురు ఆ వానపాట ఒక్కసారి పాడమని కబురు పంపింది. చిన్నప్పుడే పోయిన వాళ్ళమ్మ ఆ పాట పాడుతూ అన్నం తినిపించేదట. బంధువులు వద్దంటే వద్దన్నారు. రత్నంగారు మైకు నా చేతికిచ్చి, స్టేజీ దిగి, నేరుగా కోటయ్యగారి దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆయన తల వంచుకునే పాడమన్నట్టు చెయ్యి ఊపారు. చనిపోయింది ఆయన కూతురే కదా. ఆ రోజు ఆవిడ పాడినట్టు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. తర్వాత వడగళ్ళు. కోటయ్యగారి తోటలో కాయ చాలావరకు రాలిపోయింది.

పాట వల్లే గాలొచ్చిందన్న మాట సాయంత్రానికల్లా చుట్టుపక్కల పాకింది. అప్పటికే ఒప్పుకున్న పెళ్ళిళ్ళవాళ్ళు కొందరు ఫోన్లు చేసి వద్దన్నారు. ప్రకాశంగారు కోపంతో ఊగిపోయారు, కొన్నాళ్ళు ఆ వైపు మొహమే చూపించొద్దన్నారు. మర్నాడు తెల్లవారగానే రత్నంగారు మా ఇంటికొచ్చి, కోటయ్యగారి తోటకు వెళ్దాం రమ్మన్నారు. తప్పు మనదని ఒప్పుకోవడానికా అని అడిగాను.

"పాటకి గాలి రాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు సువార్తా. కానీ ఆయన తోటలో కాయ రాలింది. మొన్ననే ఆయనింట్లో అన్నం తిన్నాం. పలకరించాలి కదా."

తోటలో చెట్లకింద నేల కనపడటంలేదు. విరిగిన కొమ్మలు, వాటి మధ్య పచ్చికాయలు. కూలికొచ్చిన ఆడవాళ్ళు ఏరుతున్నారు. మమ్మల్ని చూసి కోటయ్యగారి కొడుకు మొహం తిప్పుకున్నాడు. రత్నంగారు కొంగు నడుముకు దోపుకుని, ఒక ట్రే తీసుకుని ఏరడం మొదలుపెట్టారు. నేనూ పక్కనే వంగాను. సొన తగిలి చేతులు మండుతున్నాయి. ఎండ ఎక్కేదాకా అలా ఏరుతూనే ఉన్నాం. చివరికి కోటయ్యగారే మా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఇక చాలమ్మా, లేవండి. కాయ వచ్చే ఏడాది మళ్ళీ వస్తది. నా కూతురి పాట మొన్న మీరు పాడబట్టి విన్నాను."

ఆ మాట ఆయన అందరికీ వినపడేలా అన్నారు. మొహం తిప్పుకున్న కొడుకే మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆవిడకు అందించాడు. పోయిన పెళ్ళిళ్ళలో కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. సీజన్లో ఆ పాట పాడొద్దనే మాట మాత్రం మారలేదు. ఆవిడా మార్చాలని చూడలేదు.

ఆవిడకు తోడుగా నూజివీడు దాకా వెళ్తూ బస్సులో, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాను. ఒక్క పాటతోనే ఆగిపోయిందని బాధ లేదా అని. ఆవిడ కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగారు.

"ఎందుకుండదు? ఇప్పటికీ కొన్నిసార్లు రేడియోలో ఎవరి పాటో వింటే, ఇది నాకిచ్చి ఉంటే ఇలా పాడేదాన్ని కదా అనిపిస్తది. కానీ కోరస్‌లో నా పక్కన నిలబడ్డవాళ్ళలో నాకంటే బాగా పాడేవాళ్ళున్నారమ్మా. వాళ్ళకి ఆ ఒక్కటీ రాలేదు."

తర్వాత కొన్నేళ్ళకు నేను హైదరాబాదులో టీవీ పాటల పోటీకి వెళ్ళాను. రెండో వారానికే ఇంటికి పంపించేశారు. ఊళ్ళో తలెత్తుకోలేక ఇంట్లోనే కూర్చుంటే, రత్నంగారొచ్చి ఓడిపోయిన సంగతి ఎత్తకుండా, ఆదివారం మైలవరంలో కార్యక్రమముంది, ఆకుపచ్చ చీర కట్టుకో అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం నేను పాడాను. పాడకుండా ఉండిపోయి ఉంటే, ఈ రోజు స్కూల్లో పిల్లలకు పాట నేర్పే టీచరుగా ఉండేదాన్ని కాదు.

చివర్లో ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ పై స్థాయి పోయింది. ఆ సమయంలోనే ఒక క్లబ్బువాళ్ళు నూజివీడులో సన్మానం పెట్టారు. గొంతు సంగతి తెలుసు కాబట్టి, పాత రికార్డు వేస్తాం, మీరు పెదాలు కదిపితే చాలు అన్నారు. ఆవిడ మైకు పట్టుకుని, కీబోర్డు అబ్బాయి వైపు తిరిగి శ్రుతి బాగా తగ్గించమన్నారు. అతను ఎంత తగ్గించినా, ఇంకా కిందికి, ఇంకా కిందికి అంటూ తన గొంతు హాయిగా ఆనేచోట ఆపమన్నారు. వానపాట ఆ రోజు మగవాళ్ళు పాడుకునేంత కిందినుంచి, నెమ్మదిగా, ప్రతి మాటా తెలిసేలా వచ్చింది. ముందు వరసలో ఎవరో అయ్యో అన్నారు. చరణం సగంలోకి వచ్చేసరికి వెనక కూర్చున్న ముసలమ్మలు గొంతు కలపడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళూ వాళ్ళకు ఆ పాట అందలేదు. ఆ రోజు అందింది.

ఆవిడ పోయి నాలుగు వేసవులైంది. ఇప్పుడు మా చర్చిలో క్వయరు నేనే చూస్తున్నాను. కొత్త పాట మొదలుపెట్టే ముందు, వయసు పిల్లలు ఎంత పైకి పాడగలరో నేనడగను. చివరి బెంచీలో కూర్చునే పెద్దామె దగ్గరికెళ్ళి, మొదటి మాట మీరనండి అంటాను. ఆమె ఎక్కడ ఎత్తుకుంటే శ్రుతి అక్కడే పెట్టిస్తాను.