ప్రయాణం దేనికని అడిగితే

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా నాది ఒకటే పని. షూటింగులకి విదేశాలు వెళ్లే యూనిట్ వాళ్లకి వీసాలు తీయించడం. ఏ దేశానికి ఇచ్చే ఫొటోలో చెవులు కనబడాలో, తిరిగొచ్చాక కూడా పాస్‌పోర్టుకి ఎన్ని నెలల గడువు మిగిలుండాలో, బ్యాంకు స్టేట్‌మెంటు మీద ముద్ర ఎవరికి కావాలో ఎవరికి అక్కర్లేదో, అన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా ఆ నియమాలు ఒకచోట నిలవవు. ఈ నెల సరిపోయిన కాగితం వచ్చే నెల సరిపోదు. వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వచ్చేటప్పుడే ఫోనులో ఎంబసీల వెబ్‌సైట్లు చూసుకోవడం అలవాటైపోయింది. ఆఫీసు మెట్లెక్కేసరికే కళ్లు లాగుతుంటాయి.

మా కాస్ట్యూమ్స్ విభాగంలో ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి. రహమత్ నగర్‌లో ఉంటుంది. పాతికేళ్ల పైగా సెట్ల మీదే బతుకు. హీరోయిన్‌కి చీర కట్టడం, షాట్‌కీ షాట్‌కీ మధ్య కుచ్చిళ్లు సర్దడం, బిగుతైన జాకెట్టు కుట్లు విప్పి నిలబడ్డపాటున మళ్లీ వేయడం ఆవిడ పని. ఆఫీసంతా నన్ను మేడమ్ అంటారు. ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ చెల్లె అనే పిలుస్తుంది. నేను అక్కా అంటాను.

ఒక ఏడాది పెద్ద సినిమా ఒకదానికి పాటలు రెండు చల్లటి దేశంలో తీయాలనుకున్నారు. చీర కట్టడానికి ఈవిడే కావాలని హీరోయిన్ పట్టుబట్టింది. అంతవరకూ అక్క విమానం ఎక్కలేదు. ఎప్పుడో తీసుకున్న పాస్‌పోర్టు ఒకటి బీరువాలో చీరల కింద పడి ఉంటే పట్టుకొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి ఉంది. నా టేబుల్ మీద పెట్టి, ‘‘జర చూడు చెల్లె, ఇంక చెల్లుతదా?’’ అంది.

చెల్లుతుంది. గడువు ఇంకా మూడేళ్లుంది.

చిక్కు ఆవిడ పాస్‌పోర్టుతో కాదు. ఆ దేశంలో షూటింగు చెయ్యాలంటే పనికి సంబంధించిన అనుమతి తీసుకోవాలి. ఎవరెవరు ఏం పని చేస్తారో రాసివ్వాలి, అక్కడి సంస్థ ఒకటి పూచీ పడాలి. తక్కువలో తక్కువ నాలుగు వారాలు. హీరోయిన్ తేదీలకి మిగిలింది పదహారు రోజులు. మా ప్రొడక్షన్ మేనేజర్ నా గదిలోకి వచ్చి కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు.

‘‘టూరిస్ట్ వీసాకి వేసేద్దామండీ.’’

‘‘పంతొమ్మిది మంది పని చెయ్యడానికి వెళ్తున్నారండీ. టూరిస్ట్ అని ఎలా రాస్తాం?’’

‘‘అందరూ అలాగే వెళ్తున్నారు మేడమ్. ఎవరినైనా ఆపారా ఇన్నేళ్లలో? ఈ షెడ్యూల్ పోతే మళ్లీ హీరోయిన్ డేట్స్ ఏడు నెలల తర్వాతే. మీరే చెప్పండి ఏం చేద్దామో.’’

అంతకుముందు రెండుసార్లు అలా వేశాను. రెండుసార్లూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఒక అనుమతిలా తయారవుతుంది మనకి. సాయంత్రానికల్లా పంతొమ్మిది ఫారాలు నింపాను. ప్రయాణ ఉద్దేశం అన్నచోట పర్యటన అని పంతొమ్మిదిసార్లు టైపు చేశాను. కింద సంతకాలు వాళ్లవి. ఇంగ్లీషులో ఏం రాసి ఉందో అక్క అడగలేదు. నేను పెన్ను ఇచ్చి వేలితో చూపించిన చోట, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, తెలుగులో తన పేరు రాసింది.

వీసాలు వచ్చాయి. ప్రయాణానికి రెండు రోజుల ముందు అందరినీ కూర్చోబెట్టి తర్ఫీదు ఇవ్వడం కూడా నా పనే. ఎందుకొచ్చారంటే టూరిజం అనాలి. ఎన్నాళ్లంటే పదకొండు రోజులనాలి. హోటల్ కాగితం చేతిలో ఉండాలి. సినిమా, షూటింగ్ అన్న మాటలు నోట రాకూడదు. డ్యాన్సర్లు నవ్వుతూ ఒకరినొకరు ప్రశ్నలు వేసుకున్నారు. అక్క వంతు వచ్చింది.

‘‘ఎందుకు వచ్చారు?’’ అన్నాను.

‘‘టూరిజం సార్.’’

‘‘ఏమేం చూస్తారు?’’

ఆవిడ నా వైపు చూసి, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. ‘‘గదేంది చెల్లె, గట్ల అడుగుతరా?’’

‘‘అడగొచ్చక్కా. కొండలు, సరస్సు అనండి.’’

‘‘కొండలు, సరస్సు,’’ అంది స్కూలు పిల్లలాగా. ఆ రోజు దాన్ని నాలుగుసార్లు చెప్పించాను. నాలుగోసారికి బాగానే వచ్చింది. హీరోయిన్ దుస్తులన్నీ ఒకే పెట్టెలో ఉంటే అనుమానం వస్తుందని మేనేజర్ వాటిని నలుగురి పెట్టెల్లో సర్దించాడు. జాకెట్లూ, సూది దారాలూ, చిన్న ఇస్త్రీ పెట్టే మాత్రం అక్క దగ్గరే ఉంచాడు. అవి వేరేవాళ్లు ముట్టుకుంటే ఆవిడ ఊరుకోదు.

వాళ్లు బయల్దేరిన మర్నాడు పదకొండింటికి అక్కణ్ణుంచి మేనేజర్ ఫోన్ చేశాడు.

‘‘మేడమ్, కాస్ట్యూమ్స్ ఆవిణ్ణి ఆపేశారు. పక్కగదిలోకి తీసుకెళ్లారు. పెట్టె కూడా తెప్పించారట.’’

‘‘మీరెక్కడున్నారు?’’

‘‘మేమందరం బయటికొచ్చేశాం. బస్సు వెయిటింగ్‌లో ఉంది.’’

‘‘మీరు వెనక్కి వెళ్లి మాట్లాడండి. ఆవిడకి భాష రాదు.’’

‘‘నేను వెళ్తే అందరి పాస్‌పోర్టులూ తీస్తారండీ. పద్దెనిమిది మందీ వెనక్కొస్తారు. కాస్త అర్థం చేసుకోండి.’’

నాకు అర్థమైంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అంత తొందరగా అర్థం కావడం. ఆ రోజంతా ఆ విమానాశ్రయం నంబర్లు వెతికి ఫోన్లు చేశాను. రికార్డు చేసిన గొంతులు వినిపించాయి. అక్క ఫోన్ మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి, మళ్లీ మూసేశాను. మూడింటికి ఎయిర్‌లైన్స్ ఆఫీసు వాళ్లు చెప్పారు, ఆవిడకి ప్రవేశం నిరాకరించి తిప్పి పంపుతున్నారని, మర్నాడు మధ్యాహ్నానికి హైదరాబాదులో దిగుతుందని.

నేనే వెళ్లాను తీసుకురావడానికి. అక్క కొత్త స్వెట్టరు తొడుక్కునే బయటికొచ్చింది, ఎండలో. పెట్టె తోసుకుంటూ నన్ను చూసి ఆగి, ‘‘నువ్వెందుకొచ్చినవ్, ఆఫీసుల పని లేదా?’’ అంది. కారులో ఫ్లైఓవర్ దిగుతుండగా తనే మొదలుపెట్టింది.

‘‘కొండలు, సరస్సు అని చెప్పిన చెల్లె. మంచిగనే చెప్పిన. ఏ సరస్సు అని ఆఫీసరు అడిగిండు. గా పేరు నువ్వు చెప్పలేదు.’’

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

‘‘అప్పుడు గదిలకు తీస్కపోయిన్రు. హిందీ మాట్లాడేటామెను ఫోన్ల పెట్టిన్రు. పెట్టె తెరిచి జాకెట్లన్ని టేబుల్ మీద పెట్టిండు ఒకాయన. ఒక్కటన్న నా సైజుల లేకపాయె. ఎవరివివి అని అడిగిండు. మర్యాదగ అడిగిండు, తాగనీకి నీళ్లు గూడ ఇచ్చిండు. మంచిగ అడిగెటోనికి అబద్ధం చెప్పబుద్ధి గాలే నాకు. హీరోయిన్‌వి, నేను కుడ్త అని చెప్పేసిన.’’

‘‘మిగతావాళ్ల గురించి అడగలేదా?’’

‘‘అడగకపాయెనా? నీ తోటి ఎంతమంది వచ్చిన్రు అన్నరు. నాకెవ్వరు తెల్వదన్న. గదొక్కటి అబద్ధం చెప్పిన.’’ తర్వాత గొంతు తగ్గించి, ‘‘పోలీస్ కేసు గిట్ల అయితదా చెల్లె?’’ అంది.

కాదని చెప్పాను. ఆవిడ చేతిసంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసిచ్చింది. వీసా దరఖాస్తులో చెప్పిన ఉద్దేశానికీ అసలు ఉద్దేశానికీ పొంతన లేదు కనుక ప్రవేశం నిరాకరించడమైనది అని రాసి ఉంది. దరఖాస్తుదారు తప్పుడు సమాచారం ఇచ్చారని కూడా ఉంది. దరఖాస్తుదారు అంటే ఆవిడ. ఆ సమాచారం రాసింది నేను. రహమత్ నగర్ సందులోకి కారు వెళ్లదు, మలుపు దగ్గర దిగాం. అప్పుడు చెప్పాను ఆవిడకి, పెట్టె మా ఇద్దరి మధ్యా నిలబెట్టి.

‘‘అక్కా, తప్పు మీది కాదు. పనికి వెళ్తున్నారని రాయాల్సిన చోట నేను చూడ్డానికి వెళ్తున్నారని రాశాను. మీకు చెప్పకుండా సంతకం పెట్టించాను.’’

ఆవిడ ఆలోచించింది. ‘‘రాయమన్నోళ్లు రాయమంటే నువ్వు రాస్తివి. నువ్వు పెట్టమంటే నేను పెడ్తి,’’ అంది. కోపం లేదు ఆ మాటలో. ఓదార్పు కూడా లేదు. ఈలోగా ఎదురింటావిడ గుమ్మంలోంచి, ‘‘అప్పుడే వచ్చినవేంది?’’ అని కేకేసింది. ‘‘షూటింగ్ క్యాన్సిలయ్యింది,’’ అని అక్క పెట్టె ఎత్తుకుని నడిచింది.

పాటలు అనుకున్న తేదీలకే పూర్తయ్యాయి. అక్కడెవరో చీరలు కట్టారు. తిరిగొచ్చాక మేనేజర్ నాతో అన్నది ఒక్కటే మాట: ‘‘ఆవిడకి మాట్లాడ్డం రాలేదండీ, అంతే.’’ తర్వాత మూడు సినిమాలకి అక్కని మా ఆఫీసు పిలవలేదు. ఆవిడ టీవీ సీరియళ్లకి వెళ్లింది. నేను ఉద్యోగం మానలేదు. మానేద్దామని అనుకోలేదని కాదు. ఇంటికెళ్లి చెప్పులు విప్పేసరికి ఆ మాట అనుకునే ఓపిక కూడా ఉండేది కాదు. పొద్దున్నే మళ్లీ టేబుల్ మీద పాస్‌పోర్టుల కట్ట ఉండేది.

ఏడాదిన్నర గడిచాక, ఆ హీరోయిన్ మా సంస్థలోనే ఇంకో సినిమా ఒప్పుకుంది. ఈసారి వేరే దేశం. మళ్లీ అక్కే కావాలంది. ఈసారి తేదీలకి ఏడు వారాల గడువుంది కాబట్టి, పని అనుమతితోనే వెళ్లాలని నేను ముందే మేనేజర్‌కి చెప్పాను. ఒప్పుకున్నాడు. అక్క ఫారం నింపుతుంటే ఆ ప్రశ్న వచ్చింది. ఇంతకుముందు ఏ దేశమైనా మీకు ప్రవేశం నిరాకరించిందా? అవును, లేదు.

‘‘లేదని కొట్టండి,’’ అన్నాడు మేనేజర్ నా భుజం మీదుగా చూస్తూ. ‘‘అది వేరే దేశం, ఇది వేరే దేశం. వీళ్లకెలా తెలుస్తుంది?’’

‘‘అవునని రాస్తానండీ.’’

‘‘అవునంటే రిజెక్ట్ చేస్తారు. హీరోయిన్‌కి మీరు చెప్తారా?’’

‘‘చెప్తాను.’’

నా గొంతులో ధైర్యమేమీ లేదు. అబద్ధం రాస్తే మళ్లీ దాన్ని గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ ఎవరికో నేర్పాలి. దానికి నాకు శక్తి లేకపోయింది, అంతే. ఫారంతో పాటు ఒక ఉత్తరం జతచేశాను. ఆ పాత దరఖాస్తు నింపింది నేననీ, అందులో ఏం రాసి ఉందో ఈమెకి తెలియదనీ, అడిగినప్పుడు అధికారికి ఈమె తన పని గురించి నిజమే చెప్పిందనీ రాసి, నా పేరూ నా ఫోన్ నంబరూ ఇచ్చి సంతకం పెట్టాను. మేనేజర్ ఆ ఉత్తరం చదివి టేబుల్ మీద పడేశాడు. ‘‘కంపెనీ పేరు మీద మాత్రం పంపకండి,’’ అన్నాడు. తెల్ల కాగితం మీదే పంపాను.

ఈసారి అక్కకి ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి వినిపించాను. రెండు గంటలు పట్టింది. నిరాకరణ ప్రశ్న దగ్గర ఆవిడ ఆపింది.

‘‘రాయి. జరిగింది గదా,’’ అంది.

పద్దెనిమిది మంది వీసాలు వచ్చాయి, ఆవిడది రాలేదు. అదనపు పరిశీలనలో ఉందన్నారు. యూనిట్ వెళ్లిపోయింది. మేనేజర్ వెళ్తూ నా వైపు చూడలేదు. నాలుగో రోజున వీసా సెంటర్ నుంచి పాస్‌పోర్టు తీసుకెళ్లమని మెసేజ్ వచ్చింది. కవరు అక్కడే కౌంటర్ పక్కన నిలబడి చింపాను. వీసా ఉంది. పనికి అని రాసి ఉంది.

అప్పటికి షూటింగు ఇంకా ఆరు రోజులే మిగిలింది. హీరోయిన్ పంపమంది. అక్క ఒక్కతే వెళ్లింది. ఈసారి నేనేమీ నేర్పలేదు. ఏది అడిగితే అది చెప్పండి అన్నాను. మర్నాడు నేను స్టూడియో ఎదురుగా ఆటో కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. వ్యాన్ల హారన్ల మధ్య సరిగ్గా వినబడలేదు.

‘‘లోపలికి పంపిన్రు చెల్లె,’’ అంటోంది. ‘‘గంట సేపు కూసోబెట్టిన్రు. నీ ఉత్తరం చూపెట్టి ఏందో అడిగిన్రు. అన్ని చెప్పిన. పంపిన్రు.’’

‘‘సరే అక్కా. జాగ్రత్త,’’ అన్నాను. సంతోషం వేసిందని రాయాలని ఉంది. ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయాను. ఒక ఆటో అతను ఆపి, ‘‘యాడికి పోవాలమ్మా?’’ అని రెండుసార్లు అడిగాడు.

ఇప్పుడు నాలుగు వారాల గడువు ఇవ్వకపోతే నేను ఫారాలు పట్టుకోను. మేనేజర్లు కొందరు సరేనంటారు. కొందరు ఆ పని పక్క వీధిలో ఇంకొకరికి ఇస్తారు. వాళ్ల యూనిట్లు కూడా వెళ్లొస్తూనే ఉన్నాయి, ఎవరినీ ఆపడం లేదు. పోయిన నెల మా ఆఫీసు వాళ్లు పై అంతస్తులోని నా గది ఎడిటింగ్‌కి తీసుకుని, నా టేబుల్‌ని కింది అంతస్తులో రిసెప్షన్ పక్కకి మార్చారు. అక్కడ ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతుంటాయి. వాటి మీద పెట్టడానికి అక్క ఒక పాత ఇనప కత్తెర తెచ్చిచ్చింది.