వంకర కొవ్వొత్తికి కాపలా

నా బ్యాంకు ఉద్యోగమంతా బ్రాంచీల్లోనే గడిచింది. మొదట బాపట్ల బ్రాంచి, తర్వాత రేపల్లె బ్రాంచి, చివరికి తెనాలి బ్రాంచి. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు లైను కూడా బ్రాంచి లైనే. ఇన్ని బ్రాంచీలు తిరిగినవాణ్ణి, చెట్టు కొమ్మతో మాత్రం పని పెట్టుకోలేదు. ఆ శాఖ మా ఆవిడది.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ మాకు ఆగమన కాలం. మొదటి ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగిస్తాం. రెండో వారం రెండు. అలా పెరుగుతూ నాలుగో వారానికి నాలుగూ వెలుగుతాయి. చర్చిలో అందుకు ఇత్తడి స్టాండు ఉంది. మా ఇంట్లో మా ఆవిడ చేసిన కొమ్మ ఉండేది. మూరెడు పొడవు, దాని వీపు మీద వరసగా నాలుగు రంధ్రాలు. అద్దెకున్న ఇంటి దొడ్లో ఏ చెట్టు ఉంటే ఆ ఏడు ఆ చెట్టు కొమ్మ. బాపట్లలో సరుగుడు, రేపల్లెలో నేరేడు, తెనాలి వచ్చాక జామ.

పాత నిఘంటువుల్లో కొమ్మ అంటే ఆడమనిషి అని కూడా అర్థం ఉందని ఒకసారి గొప్పగా చెప్పాను. ఆవిడ తల ఎత్తకుండానే, "అయితే మొద్దు అంటే ఏం రాశారో కూడా చూడండి" అంది.

కొమ్మ విషయంలో ఆవిడ చాలా కచ్చితం. పచ్చిది ముట్టుకునేది కాదు. పచ్చి కర్ర ఆరే కొద్దీ పగులుతుంది, కొవ్వొత్తి వదులైపోతుంది అనేది. ఎండాకాలంలోనే కొమ్మ తెచ్చి అటక మీద పెడితే చలికాలానికి గలగలమనేలా ఆరేది. ఊడి వచ్చే బెరడంతా గీకేసేది, మంట ముందు అంటుకునేది దానికే కాబట్టి. దొర్లిపోకుండా అడుగుభాగం చదునుగా చెక్కేది. రంగులూ వార్నిష్‌లూ దగ్గరికి రానిచ్చేది కాదు. రంధ్రం తొలిచాక, కర్రకు మంట తగలకుండా లోపల రేకు మూత కూర్చేది. అవి దగ్గు మందు సీసాల మూతలు. వాటి సరఫరా నాది. చలి మొదలైతే చాలు, నేను దగ్గుతాను. అలా మా ఇంటి వెలుగులో నా వంతు కూడా కొంత ఉండేది.

నా వంతు ఇంకొకటి ఉంది. ఆవిడ చేత్తో తిప్పే బరమాతో రంధ్రాలు తొలుస్తుంటే, కొమ్మ కదలకుండా నేను రెండు చేతులతో పట్టుకోవాలి. మొదటి రంధ్రానికి బుద్ధిగా పట్టుకునేవాణ్ణి. రెండోదానికీ అంతే. మూడో రంధ్రం వచ్చేసరికి బ్యాంకు కబుర్లు మొదలుపెట్టేవాణ్ణి. మా మేనేజరుగారు కుర్చీలో కునుకు తీస్తూ సంతకం పెట్టిన వైనం చేత్తో అభినయిస్తే గానీ అర్థం కాదు కదా! చెయ్యి తీసేవాణ్ణి. కొమ్మ కదిలేది. రంధ్రం వంకరపోయేది. ఏ ఏడు ఏ చెట్టయినా మా కొమ్మకు మూడోది వంకరే.

అందులో పెట్టిన కొవ్వొత్తి కొంచెం పక్కకు ఒరిగి ఉండేది. వాలిన కొవ్వొత్తిని గాలికి వదిలేయడం ఆవిడ పద్ధతి కాదు. "వంకర చేసింది మీరు, కాపలా కూడా మీరే" అనేది. కొమ్మను ఇసుక పోసిన స్టీలు పళ్ళెంలో పెట్టి, ఫ్యాను ఆపి, కర్టెను ముడేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి, నన్ను కూర్చోబెట్టేది. కొవ్వొత్తి రెండు వేళ్ళ మందానికి దిగగానే, "ఇక చాల్లెండి, ఊదేయండి" అనేది. కాపలా నాకు వేసిన శిక్షే గానీ, ఆవిడ కూడా వచ్చి పక్కనే కూర్చునేది. శిక్ష సరిగ్గా అమలవుతోందో లేదో చూడాలి కదా.

పండగ అయిపోయాక ఆ కొమ్మ మా ఇంట్లో ఉండేది కాదు. ఆ ఏడు మాకు తెలిసినవాళ్ళలో ఎవరింట్లో మనిషి పోతే వాళ్ళింటికి పట్టుకెళ్ళి ఇచ్చేది. ఓదార్పు మాటలు చెప్పడం ఆవిడకు రాదు. కొమ్మ చేతిలో పెట్టి, ఎలా వాడుకోవాలో చెప్పి, కాఫీ తాగి వచ్చేసేది. ఇచ్చిందాన్ని తిరిగి ఇమ్మనడం లేదు. మళ్ళీ ఏడు మళ్ళీ కొమ్మ.

ఈ ఏడు ఎండలు ముదరకముందే ఆవిడ పోయింది. ఆ పద్ధతి ప్రకారం ఈసారి కొమ్మ రావాల్సింది మా ఇంటికే. ఇచ్చే మనిషే లేదు.

వానలు వెనకబట్టాక ఆ ఆలోచన నన్ను పట్టుకుని వదల్లేదు. అటక వెతికాను. బరమా ఉంది, మూతల డబ్బా ఉంది, కొమ్మ లేదు. ఆవిడ చేతిదొకటి, వంకర రంధ్రంతో సహా, మొదటి ఆదివారానికి నా ముందు ఉండాలి. నాకు ఇంకేం అక్కర్లేదనిపించింది.

రేపల్లెలో ఆవిడ అక్క ఉంది. వాళ్ళాయన చనిపోయిన ఏడు నేరేడు కొమ్మ వాళ్ళింటికే వెళ్ళింది. ఫోన్ చేశాను.

"వదినగారూ, మీ దగ్గర కొమ్మ ఉండాలి."

"ఏ కొమ్మండీ?"

"మీ చెల్లెలు ఇచ్చింది. కొవ్వొత్తులది."

అటువైపు నుంచి చిన్న గొంతుతో, "మంచు తగలబడిపోయింది మరిదిగారూ" అంది.

"మంచు తగలబడ్డమేంటండీ?"

"క్రిస్మస్ కదా, అందంగా ఉంటుందని దాని నిండా దూది అంటించాను. చెట్టుకు పెడతాం చూడండి, మంచులాగా. ఒక్క పుల్ల గీశానో లేదో, భగ్గుమంది. బకెట్ నీళ్ళు కుమ్మరించాను. ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు గానీ, కొమ్మ బొగ్గయిపోయింది. మా చెల్లెలు అడిగితే భద్రంగా ఉందని చెప్పాను. మీరు దానికి చెప్పకండేం."

చెప్పకూడని ఆ మనిషి ఇక లేదని, అనేశాక వదినగారికి గుర్తొచ్చింది. నాకూ గుర్తొచ్చింది. రేపల్లెలో మంచు ఎవరమూ చూడలేదు. కాలడం మాత్రం వదినగారు చూసింది.

మర్నాడు బాపట్ల రైలెక్కాను. అక్కడ మేం మేడ మీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళు. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. మేం ఉన్నప్పుడే ఆ ఇంటి పెద్దాయన జ్వరం వచ్చి పోయాడు. సరుగుడు కొమ్మ ఆ ఏడు మేడ దిగి కిందికి వెళ్ళింది. పెద్దాయన భార్యను మేం పిన్నిగారు అనేవాళ్ళం.

నన్ను చూసి పిన్నిగారు చేటలో రొయ్యపొట్టు వదిలేసి లేచింది. "బ్యాంకు బాబేనా? ఇట్టా అయిపోయావేంటయ్యా!"

"ఎట్టా అయిపోయానండీ?"

"కొవ్వొత్తిలాగా! అన్నం తింటన్నావా లేదా?"

మా ఆవిడ పోయిన కబురు పిన్నిగారికి ముందే అందింది. వచ్చిన పని చెప్పడానికి మొహమాటపడ్డాను గానీ, అవసరం లేకపోయింది. కొమ్మ ఎదురుగానే ఉంది. కిటికీకి ఎడంగా, గట్టు మీద, స్టీలు పళ్ళెంలో, ఇసుకలో. మైనం పొరలు కట్టి నల్లబడింది. మూడో రంధ్రం వంకర. నేను చెయ్యి తీసిన ఆ క్షణం అక్కడ అలాగే ఉంది.

"ఇంకా వాడుతున్నారా పిన్నిగారూ?"

"కరెంటు పోతే నాలుగూ వెలిగిస్తా. మా వాడు ఏటకెళ్ళి పడవ ఆలస్యమైన సాయంత్రం ఒక్కటే. అదిగో, ఆ వంకరది."

"వంకరది ఎందుకండీ? తిన్నగా ఉన్నవి మూడున్నాయి కదా."

"తిన్నగా ఉన్నదాన్ని ఎలిగించి ఏం చేసుకోను? దాని పాటికి అది కాలుద్ది, నా పాటికి నేను గుమ్మంలో నిలబడి సముద్రం దిక్కు చూస్తా ఏడుస్తా. వంకరదైతే కనిపెట్టుకుని ఉండాల. ఒరుగుద్దేమో, పడుద్దేమో అని చూస్తా కూసుంటే ఈలోపు మావాడు వచ్చేస్తాడు. మీ ఆవిడే చెప్పింది. 'మూడోది మా ఆయన చలవ, దాని పక్కనే కూర్చోవాలి పిన్నిగారూ' అని."

ఆ వంకర రంధ్రం వైపే చూస్తూ కూర్చున్నాను.

పిన్నిగారు నా మొహం చూసి, కొమ్మ తీసి, ఇసుక దులిపి, నా ఒళ్ళో పెట్టింది. "తీసుకెళ్ళు బాబూ. ఈ ఏడు మీ ఇంటికి కావాల."

పట్టుకున్నాను. రెండు చేతులతో, వెనకటికి పట్టుకున్నట్టే. వేలితో ఆ రంధ్రం అంచు తడిమాను. ఇంటికి తీసుకెళ్ళిపోదామనే ఉంది. అప్పుడే పిన్నిగారి చూపు గోడ గడియారం మీదికి, అక్కణ్ణుంచి గుమ్మంలోకి వెళ్ళింది. మధ్యాహ్నం దాటింది. ఆ రోజు కూడా కొడుకు సముద్రం మీదే ఉన్నాడు.

కొమ్మ తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టాను.

"ఏంటయ్యా?"

"కొలత చూసుకుందామని వచ్చానండీ. నేనొకటి చేసుకుంటాను."

"నువ్వా!" అని పిన్నిగారు నవ్విన నవ్వు పక్కింటికి వినపడే ఉంటుంది. "మేకు కొట్టమంటే వేలు కొట్టుకున్నోడివి!"

నవ్వుకుంటూనే దొడ్లోకి వెళ్ళి, పొయ్యిలోకి పెట్టుకున్న సరుగుడు కట్టెల్లోంచి బాగా ఆరిన కొమ్మ ఒకటి ఏరి తెచ్చింది. అదే చెట్టుదట. రైల్లో పక్కాయన అది దేనికని అడిగాడు. దీపానికి అన్నాను. ఆయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి, ఆవిడ చేసిన క్రమంలోనే చేశాను. బెరడు గీకాను, అడుగు చదును చేశాను. కత్తిని ఒంటికి ఎదురుగా లాగకుండా అవతలికే తోశాను, ఆవిడ వెయ్యిసార్లు చెప్పినట్టు. బరమా దగ్గర మాత్రం ఆగిపోయాను. తిప్పడానికి రెండు చేతులు కావాలి. మరి పట్టుకునేదెవరు? కాళ్ళ మధ్య పెట్టుకుని తొలుద్దామా అనిపించింది గానీ, తొడకు రంధ్రం పడితే అందులో ఏ కొవ్వొత్తీ పెట్టలేమని మానుకున్నాను. వీధి చివర తలుపులు చేసే షెడ్డుకు పోయి, ఇనుప దవడల మధ్య కర్రను బిగించి పట్టే వైసు కాసేపు వాడుకోనివ్వమని అడిగాను. బిగించాను. తొలిచాను.

వైసు కబుర్లు చెప్పదు. నాలుగు రంధ్రాలూ బాణాల్లా తిన్నగా వచ్చాయి.

మూడోది కావాలని వంకర చేద్దామా అని కూడా అనుకున్నాను. బరమాను కొంచెం పక్కకు వాల్చి చూశాను. చెయ్యి రాలేదు. మేనేజరుగారి కునుకు గురించి చెప్పుకుంటూ జారిన చెయ్యి వేరు, కొలత వేసి జార్చే చెయ్యి వేరు.

మొదటి ఆదివారం ఒకటి వెలిగించాను. రెండో వారం రెండు. మూడో ఆదివారానికి వదినగారు రేపల్లె నుంచి వచ్చింది. కొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మా చెల్లెలి చేతిదిలాగా లేదే. ఇంత తిన్నగా ఉందేంటండీ?" అంది.

"పట్టుకున్నవాడు నోరు మూసుకున్నాడండీ" అన్నాను.

"దూది తెచ్చాను, పెట్టమంటారా?" అంది. నా చూపు చూసి, "ఊరికే అన్నాను లెండి" అని సంచి మూసేసింది.

ప్రార్థన అయింది. వదినగారు వంటింట్లోకి వెళ్ళింది. ఫ్యాను ఆపాను. కర్టెను ముడేశాను. చెంబుతో నీళ్ళు పెట్టుకున్నాను. కుర్చీ లాక్కుని మూడో కొవ్వొత్తి పక్కన కూర్చున్నాను. అది నిటారుగా, నా అవసరం ఏమీ లేకుండా, హాయిగా కాలుతోంది. ఒరగదు, పడదు. అయినా కూర్చున్నాను. పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. ఎప్పుడు వేశానో నాకే తెలియదు.

మంట దిగుతూ వచ్చింది. ఇక చాల్లెండి అనే మాట ఎటువైపు నుంచి వచ్చేదో అటే చెవి ఒగ్గాను. వంటింట్లోంచి పప్పు తాలింపు చిటపటలు వినపడ్డాయి. అక్కచెల్లెళ్ళ గొంతులు దగ్గరగా ఉంటాయి. ఫోన్‌లో అయితే నేనే చాలాసార్లు పొరబడేవాణ్ణి.

"మరిదిగారూ, రెండు వేళ్ళకు దిగి ఉంటుంది. ఊదేశారా?"

దిగింది. రెండు వేళ్ళు ఆనించి చూశాను, సరిగ్గా అంతే ఉంది.

"లేదండీ," అన్నాను, "ఇంకో వేలుంది."