జాబితాలో రాయని ఇరవై మూడోది

ఏడేళ్లుగా ఒక లెక్క నాలో సరిపోవడం లేదు. ఇరవై మూడు ఉండాల్సిన చోట ఇరవై రెండే ఉన్నాయి. ఆ ఒక్కటి తీసేసింది నేనే. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

నేను సైనికుణ్ణి కాను. పదో తరగతితో చదువాపి, పెన్షన్ నిబంధనలు సొంతంగా నేర్చుకుని, కాకినాడ చుట్టుపక్కల మాజీ సైనికులకు కాగితాలు రాసిపెడతాను. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. అందుకే మంచివాణ్ణనుకున్నాను.

ఏడేళ్ల కిందట, కాలం చెల్లిన పెన్షన్ నిబంధనలు తొలగించడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. జాబితా రాసే పని మాజీ సైనికుల సంఘం నాకప్పగించింది. ఇరవై మూడు తేలాయి. చివరిది ఇది: సైనికుడి రికార్డులో భార్య పేరు లేకపోతే, అతని కంపెనీలోనే, అంటే సైన్యంలో అతని దళంలోనే, పనిచేసిన ఇద్దరు వచ్చి ఈమె అతని భార్యేనని సంతకం పెట్టాలి. అప్పుడే ఆమెకు పెన్షన్.

దాన్ని మరిచిపోలేదు. వదిలేశాను.

ఎందుకు? నా దగ్గరొక నోటుబుక్కుంది. ఏ కంపెనీవాడు ఏ ఊళ్లో ఉన్నాడో పంతొమ్మిదేళ్లు తిరిగి రాసుకున్నది. మూడు వందల పన్నెండు పేర్లు. పోయినవాళ్ల పక్కన చుక్క. సాక్షులు కావాలంటే పెన్షన్ ఆఫీసువాళ్లు కూడా నా దగ్గరికే పంపేవారు. ఆ నిబంధన పోతే ఈ పుస్తకం దేనికి, నేను దేనికి అన్న భయాన్ని, ఇంకా కొందరు బతికే ఉన్నారు కదా అన్న సాకు కింద దాచుకున్నాను.

ఇరవై రెండూ తొలగించారు. నేను రాసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు; అదీ రాసుంటే పోయేది.

మరుసటేడు ఉప్పాడ నుంచి నూకరత్నమ్మ వచ్చింది. భర్త పోయాడు, రికార్డులో ఆమె పేరు లేదు. అతని కంపెనీవాళ్లు నా పుస్తకంలో ఏడుగురు. ఆరు చుక్కలు. రావులపాలెంలో ఒక్కడే మిగిలాడు.

"మా ఇల్లే సముద్రం మింగేసిందండి. ఆయన జతగాళ్లు నాకోసం ఒడ్డున కూకునుంటారేంటి?" అని నవ్వింది. "పాత రూల్సు తీసేశారంట గదండీ?"

"ఇది తీయలేదమ్మా."

"జాబితా రాసింది మీరేనంట గదా, ఇదీ రాసే ఉంటార్లెండి. ఆళ్లే పట్టించుకోలేదు."

అవునన్నట్టు తల ఊపాను.

రాయకపోవడం పెద్ద తప్పా, ఆ తల ఊపడమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, భార్యనని రుజువు చేసుకోలేక, ఎండుచేపలమ్ముకుని బతికి, పోయిన వేసవిలో చనిపోయింది.

నిన్న, నా దగ్గరున్న ఆ జాబితా నకలు బయటకు తీశాను. చివర ఇరవై మూడు అని అంకె వేసి, ఆ నిబంధన రాశాను. దాన్ని చదివే కమిటీ ఇప్పుడు లేదు. లెక్క ఇప్పుడూ సరిపోలేదు. రాసిన చెయ్యి మాత్రం కాస్త తేలికపడింది.