పళ్లగాట్ల తుపాకీ

తుపాకీ అమ్మిన రోజున అమ్మమ్మ మావిస్ ఏడవలేదట. ఆ ఏడుపంతా నోట్లోకి దిగిందేమో, అప్పట్నుంచి ఆపిల్ తోటల యాకిమా లోయంతా ఆవిడ నోటికి దడిసేది.

అది తాత తుపాకీ. గుండు పేలగానే తనంతట తానే ఇంకోటి ఎక్కించుకునే రకం. తాత దాన్ని ఒళ్లో పెట్టుకుని తుడుస్తుంటే, పళ్లొస్తున్న వాళ్ల పసికొడుకు వేడ్, భుజానికి ఆనించే దాని చెక్క మడమను కొరికి గాట్లు పెట్టాడు. ఆ వేడ్ పెద్దవాడై ట్రాక్టరు కింద పడి చనిపోయాడు. గాట్లు కళ్లబడుతుంటే భరించలేక అమ్మమ్మ తుపాకీని పక్క తోట డెల్బర్ట్‌కి అమ్మేసింది. కళ్లకు శుక్లాలు కమ్మే వయసులో మళ్లీ ఆ గాట్లే కావాలనిపించింది.

అయితే ఆవిడ మనసు మార్చుకునేలోగా రాష్ట్రం చట్టం మార్చేసింది. తిరిగి ఆవిడ పేరున రాయించుకుందామని ఆవిడా డెల్బర్టూ తుపాకీ పట్టుకుని రూబెన్ తుపాకుల దుకాణానికి వెళ్తే, అతను తల అడ్డంగా ఊపాడు.

“ఈ రకం ఇప్పుడు అమ్మకూడదు, కొనకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు మామ్మా. మనిషి పోతే వారసులకి వెళ్తుంది, అంతే.”

“నా తుపాకీ నాకు రావాలంటే వీడు చావాలా?”

“తొందరేముంది?” అన్నాడు డెల్బర్ట్. “విల్లులో నీ పేరు రాస్తాలే. ఈలోగా ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుపో. వస్తూ ఆపిల్ కేక్ పట్రా.”

పట్టుకెళ్లింది. తుపాకీ గోడమీద మసగ్గా మెరుస్తూ ఉండేది. అమ్మమ్మ చెయ్యి చాపితే చాలు, డెల్బర్ట్ నోట్లో కేక్‌తోనే అరిచేవాడు. “ముట్టుకోకు! ముట్టుకుంటే చేతులు మారినట్టే. ఇద్దర్నీ కలిపి జైల్లో వేస్తారు!”

“నీతో జైలా? దానికంటే ఉరి నయం. ఇంతకీ ఎప్పుడు పోతావురా?”

“నీ కేక్ తింటున్నాగా, ఎంతో కాలం పట్టదులే.”

రెండేళ్లు తిన్నాడు. తోటలు పూతకు రాకముందే నిద్రలో పోయాడు. విల్లు మాత్రం రాయలేదు. తుపాకీ అతని మేనల్లుడు కర్టిస్‌కి వెళ్లింది. కర్టిస్ మర్యాదస్తుడు. అమ్మమ్మనూ తుపాకీనీ బండిలో ఎక్కించుకుని రూబెన్ దగ్గరికే వచ్చాడు.

“ఈవిడకి తుపాకీ అక్కర్లేదట, దానిమీద గాట్లు కావాలట. ఏదైనా దారుందా?”

రూబెన్ మరలు విప్పి, మడమ ఊడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “ఇది ఉత్త చెక్క. దీనికి ఏ చట్టమూ అడ్డురాదు. అప్పట్లో మీరిద్దరూ వచ్చి వెళ్లాకే డెల్బర్ట్‌కి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పానే! మీకు చెప్పలేదా?”

అమ్మమ్మ చెక్కను ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలితో చెక్కంతా తడిమింది. అద్దంలా నున్నగా ఉంది.

“మామయ్య శనివారం శనివారం గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టించేవాడు,” అన్నాడు కర్టిస్. “మీరొచ్చేసరికి మెరవాలని.”

తడిమి తడిమి చూస్తే అంచున ఒక్క గాటు తగిలింది. అదీ సగమే.

ఆ ఆదివారం కూడా అమ్మమ్మ కేక్ చేసింది. డెల్బర్ట్ సమాధి పక్కన మడత కుర్చీ వేసుకుని, వాడికి వినబడేలా నములుతూ, ఒక్క పలుకు రాల్చకుండా మొత్తం తనే తినేసింది.