బావ, సెట్ అనే మాట, పదకొండేళ్లు

మా బావ ఒకే ఒక్క ఇంగ్లీషు మాట మీద పదకొండేళ్లు పనిచేశాడు. ఆ మాట సెట్. నేను ఊరి బడిలో ఐదు దాకా చదివి, ఆయన నిఘంటువు రాసే అచ్చాఫీసులోనే నలభై ఏళ్లు పుస్తకాలు కుట్టాను. నా చేతి కుట్టుకు వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. కాబట్టి బావ సంగతి రాసే అర్హత నాకుంది.

మా నిఘంటువుకు ఒక పద్ధతి ఉండేది. ఏ అర్థాన్నయినా ఇద్దరు కళ్లారా చూసి చీటీ మీద సంతకం పెడితేనే అచ్చుకెక్కేది. పళ్ల సెట్ కోసం గుమాస్తా గారి కట్టుడు పళ్లు బల్ల మీద పెట్టించాం. ఆయన ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అలారం సెట్ చేసి మోగేదాకా కూర్చున్నాం. వాకిట్లో సిమెంటు పోయించి, అది సెట్ అయ్యేదాకా ఆరు గంటలు కుర్చీ దిగకుండా చూసినవాణ్ణి నేనే. నూట పద్దెనిమిది అర్థాల్లో పదిహేడింటికి నా సంతకం ఉంది.

మాట పుట్టుక తేల్చడానికే బావకు మూడేళ్లు పట్టింది. "ఇది ఒక మాట కాదురా, రెండు. ఒకటి కూర్చోబెట్టడంలోంచి పుట్టింది. ఇంకోటి గురువు వెంట నడిచే గుంపుకున్న పాత పేరు. దారిలో కలిసి ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి," అన్నాడు అన్నం తింటూ.

"మీరు కూడా ఎప్పుడైనా ఇంట్లో కాపురం పెట్టండి," అంది మా అక్క.

బావ రిటైరయ్యే రోజు వచ్చింది. సాయంత్రం ఐదుకల్లా పూర్తికాని మాట బావ చోట్లోకి వచ్చే కొత్తాయనకు పోతుంది. పుస్తకం చివర ఆ మాటకు కొత్తాయన పేరే పడుతుంది. మిగిలింది ఒక్క అర్థం: విరిగిన ఎముకను సరిచేసి కట్టడం. పదకొండేళ్లలో మా ఆఫీసులో ఎవరికీ ఎముక విరగలేదు.

"నీ ఎముకలెలా ఉన్నాయిరా బామ్మర్దీ?"

"నా జోలికి రాకు బావా. నీకు లేవా ఎముకలు?"

ఆయన పై అరలో పాత చీటీల కోసం నిచ్చెనెక్కి, మూడో మెట్టు మీంచి జారాడు. ఎడమ మణికట్టు వాచింది. ముఖం మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "విరగలేదు, బెణికింది," అన్నాడు.

"ఇంకోసారి చూడండి డాక్టరు గారూ. ఎక్కడో చిన్న చీలికైనా ఉంటుంది."

"లేదండీ, అదృష్టవంతులు."

బావ కూలబడ్డాడు. పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఇదంతా వింటోంది. "నాది నిజంగానే విరిగింది నాయనా. ఇప్పుడు సరిచేస్తారట. కావాలంటే చూడండి," అంది.

డాక్టరు చేతికి మాత్రం మత్తు సూది వేసి ఆమె కుడి ముంజేయి పట్టుకున్నాడు. ఎముక చోటికొచ్చిన చప్పుడు వినపడింది. బావ సంతకం పెట్టి చీటీ నాకిచ్చాడు. నేను కలం తీసి ఆగిపోయాను.

"బావా, నేను కళ్లు మూసుకున్నాను."

"ఎవరికి తెలుస్తుందిరా? పెట్టెయ్."

"నేను పెట్టిన పదిహేడింటిలో చూడకుండా పెట్టింది ఒక్కటీ లేదు. ఇదీ పెట్టను."

బావ తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. తిట్టలేదు. గోడ గడియారం చూసి, చీటీ మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"ఏం కాగితం అది?" అంది పెద్దావిడ. చెప్పాం. "దానికేం, నేను చూశానుగా. చెయ్యి నాదాయె, రెప్పయినా వెయ్యలేదు. కుడి చేతికి కట్టు పడింది, ఎడమ వేలిముద్ర పనికొస్తుందా?"

పద్ధతిలో ఇద్దరు చూడాలనే ఉంది, ఆఫీసువాళ్లే కావాలని లేదు. అది గుర్తు చేసింది నేనే. నర్సు దగ్గర సిరా దొరికింది.

ఐదుకు మూడు నిమిషాలుందనగా చీటీ అచ్చాఫీసు యజమాని బల్ల మీద పెట్టాం. ఆయన వేలిముద్రను కళ్లజోడు దగ్గరగా పట్టి చూశాడు.

"ఎవరిది?"

"ఎముక విరిగినావిడదే," అన్నాడు బావ.

"ఇన్నాళ్లూ చూసినవాళ్ల సంతకాలే వచ్చాయి. తమకే జరిగినవాళ్లది ఇదే మొదటిది," అని యజమాని చీటీ మీద ముద్ర కొట్టాడు.

ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి. బావ తన కుర్చీలో కూర్చుని, చెయ్యడానికేమీ లేక, బల్ల మీది దుమ్ము తుడిచాడు.