బోల్టు మీద ఎర్ర చుక్క

మొన్న నాగోల్ సిగ్నల్ దగ్గర ఒక పాత ఫియట్ వచ్చి నా పక్కన ఆగింది. లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు ఇంజను టకటకమంటోంది. ఆ చప్పుడుకి ప్రసాదరావు గారు గుర్తొచ్చారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇంటి పై వాటాలో కిరాయికి ఉండేదాన్ని. ఆయనది గుంటూరు వైపు, మాది నల్లగొండ. మెట్ల మీద ఎదురైతే నవ్వుకునేవాళ్లమే గానీ ఆ నవ్వులు తూచినట్టుండేవి. ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని నాకు, మావాళ్లకు ఏం చేరవేస్తానోనని ఆయనకు.

ఆయన ప్రాణమంతా తెల్ల ఫియట్ మీదే. గడ్డిఅన్నారంలో షెడ్డున్న యాదగిరి ఏళ్లుగా దాన్ని చూసేవాడు. అతను ఆయిల్ మార్చి పంపిన కొన్నాళ్లకే ఇంజను టకటకా కొట్టడం మొదలైంది. అదే సమయంలో అతను షెడ్డుకి ఉద్యమ జెండా కట్టాడు. ప్రసాదరావు గారు రెండూ కలిపి చూశారు. యాదగిరి కావాలనే ఇంజనులో నిప్పురవ్వ పడే టైమింగ్‌ను తిప్పేశాడని వీధిలో చెప్పారు. రేపు నా గురించీ ఇలాగే అంటారనిపించింది.

ఒక బంద్ రోజు పొద్దున నన్ను కిందికి పిలిచారు. టైమింగ్ చూడాలంటే ఒకరు యాక్సిలరేటర్ తొక్కాలి. నన్నే ఎందుకు పిలిచారోనని అనుకుంటూనే స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఆయన టైమింగ్ లైటు వెలుగు ఇంజను ముందు తిరిగే పుల్లీ మీద పడేట్టు పట్టుకున్నారు. కొంచెం తొక్కగానే, దాని మీద సుద్దతో గీసిన గీత మెల్లగా జరగాల్సింది ఒక్కసారిగా ముందుకు దూకిందట.

"చూశావా అమ్మా, నేను చెప్పలా?" అన్నారు.

తర్వాత, టైమింగ్ మార్చాలంటే వదులు చేయాల్సిన డిస్ట్రిబ్యూటర్ బోల్టు చూశారు. ఎవరైనా తిప్పితే తెలియాలని, బండి షెడ్డుకి పంపే ముందు ఆయనే దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. అది చెదరలేదు. అంటే టైమింగ్ ఎవరూ తిప్పలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పితే, వేగాన్ని బట్టి టైమింగ్‌ను అదుపులో ఉంచే సన్నటి స్ప్రింగు తుప్పు పట్టి తెగిపోయి ఉంది.

బానెట్ మూసి ఊరుకుంటారనుకున్నాను. ఆయన చెప్పులు వేసుకుని, నన్నూ రమ్మన్నారు. మూసిన షట్టర్ల మధ్య నడుచుకుంటూ వెళ్లాం. యాదగిరి నలుగురితో జెండా కింద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి వాళ్లు లేచి నిలబడ్డారు. నేను ఒక అడుగు వెనకే ఆగాను.

"యాదగిరీ, నువ్వు టైమింగ్ తిప్పావని అందరితో చెప్పాను. తిప్పలేదు. స్ప్రింగు తెగింది, ఇప్పుడే చూశాను."

"మీరు అన్నది నాకు ఎరుకే సార్," అన్నాడు యాదగిరి. "జెండా మాత్రం తీసేది లేదు."

"తీయమనడానికి రాలేదయ్యా. స్ప్రింగు వెయ్యమనడానికి వచ్చాను."

యాదగిరి నవ్వలేదు. కానీ స్టూలు ఆయన వైపు జరిపాడు. ఆ తర్వాత కూడా ఉద్యమం విషయంలో ఇద్దరికీ ఒక్క మాటా కలవలేదు. బండి మాత్రం ఆ షెడ్డుకే వెళ్లేది.

ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక ఆఫీసు నడుపుతున్నాను. మనుషుల మీద అనుమానం నాకూ తేలిగ్గానే వస్తుంది. వస్తే దాచుకోను, ఆ రోజే విప్పి చూస్తాను. నేను పొరబడ్డానని తేలితే, నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవడానికి ఆ మనిషి కూర్చున్న చోటికే నడిచి వెళతాను. ఆ నాలుగడుగులూ ఇప్పటికీ కష్టంగానే ఉంటాయి.